సంతానం కోసం వైద్యం – పాలసీ కాగితం ఏమంటోంది?

(స్త్రీల కార్యక్రమంలో చేసిన ప్రసంగ పాఠం)



భోజనాలయి, వంటిల్లు సర్దుకుని, కాస్త నడుం వాల్చే వేళ ఇది. ఈ వేళప్పుడు మీతో డబ్బు లెక్కలు మాట్లాడటం నాకూ మొహమాటంగానే వుంది. కాని ఈ లెక్క తెలియక ఎందరు ఆడపిల్లల మెళ్ళో గొలుసులు, చేతి గాజులు తాకట్టు కొట్లకు చేరాయో చూసినదాన్ని గనుక చెప్పక తప్పదనిపించింది. పిల్లలు కలగటం ఆలస్యమైనప్పుడు చేయించుకునే వైద్యం సంగతి, ఆ వైద్యానికి మనం ఏటేటా కట్టే ఆరోగ్య బీమా ఎంతవరకు ఆదుకుంటుందన్న సంగతి ఈ పూట ముచ్చటించుకుందాం.

నేను డాక్టరును కాను. ఒక ఇన్సూరెన్సు ఆఫీసులో క్లెయిముల బల్ల దగ్గర ఇరవై ఏళ్ళకు పైగా కూర్చున్నదాన్ని. "ఈ ఖర్చు పాలసీ పరిధిలోకి రాదు" అన్న ఉత్తరాల మీద ఎన్నోసార్లు ఇదే చేత్తో సంతకం పెట్టాను. ఆ ఉత్తరాన్ని అవతల ఎవరు చదువుకుని కంటతడి పెట్టుకుంటున్నారో నాకు కనిపించేది కాదు. మా చెల్లెలి కూతురికి అటువంటి ఉత్తరమే వచ్చిన రోజున కనిపించింది.

ఆ పిల్లకు ఇరవై ఆరో ఏట పెళ్ళయింది. అల్లుడిది ప్రైవేటు కంపెనీలో ఉద్యోగం. రెండేళ్ళు గడిచేసరికి పేరంటాల్లో ప్రశ్నలు మొదలయ్యాయి. "ఏమ్మా, ఇంకా విశేషమేమీ లేదా?" అని ఒకరు, "మా ఎరికలో ఒక డాక్టరమ్మ వుంది" అని ఒకరు. వాళ్ళత్తగారు చెడ్డమనిషేమీ కాదు. కోడలిని నాగులచవితికి పుట్ట దగ్గరకు, శనివారాలు రావిచెట్టు దగ్గరకు తీసుకెళ్ళేది. ఆ తరువాత డాక్టర్ల దగ్గరకు తిప్పింది. మూడేళ్ళపాటు మాత్రలు, ఇంజెక్షన్లు, స్కానులు, చివరకు పొట్టకు చిన్న రంధ్రాలు చేసి చూసే లాపరోస్కోపీ ఆపరేషను కూడా అయింది. ఆ మూడేళ్ళలోనూ మా అల్లుడికి ఒక్క పరీక్ష జరగలేదంటే నమ్ముతారా? "మగపిల్లాడికి పరీక్షేమిటి, నిక్షేపంలా వున్నాడు" అన్నారు ఇంట్లో. మేమూ ఊరుకున్నాం. తప్పు మాది కూడా.

ఆపరేషను బిల్లు ఎనభై వేలు దాటింది. "పాలసీ వుంది గదా, వస్తుందిలే" అనుకుని పిల్ల తన గొలుసు తాకట్టు పెట్టి కట్టింది. నెల తిరక్కుండా కంపెనీవారి ఉత్తరం వచ్చింది: సంతానలేమికి సంబంధించిన ఖర్చు ఇవ్వబడదు అని. "పెద్దమ్మా, నువ్వు ఇన్నేళ్ళు ఇదే పని చేశావుగా, ఒక్కసారన్నా మాకు చెప్పలేదేం?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేకపోయింది. ఆనాడు దానికి చెప్పవలసిన మాటలే ఈనాడు మీకు చెబుతున్నాను.

ముందు వైద్యం మాట. ఏ అడ్డూ పెట్టుకోకుండా కాపురం చేస్తూ ఏడాది గడిచినా గర్భం రాకపోతే అప్పుడు డాక్టరును చూడాలంటారు. భార్య వయసు 35 దాటితే ఆరు నెలలకే వెళ్ళటం మంచిది. నెలసరి సరిగా రాని వారు, బహిష్టు రోజుల్లో భరించలేని నొప్పి వున్నవారు, లోగడ క్షయ వచ్చి తగ్గినవారు అంతవరకు కూడా ఆగనక్కరలేదు. మన దేశంలో క్షయ ఊపిరితిత్తులకే గాక గర్భసంచికి, అండవాహికలకు కూడా సోకి, పైకి ఏమీ తెలియకుండానే దారి మూసివేయటం కద్దు.

ఇది మన ఒక్క ఇంటి బాధ కూడా కాదు. ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో సుమారు ఒకరు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఈ ఇబ్బంది పడుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పింది. కారణం ఎవరిలో అంటే, స్థూలంగా మూడోవంతు జంటల్లో భార్యలో, మూడోవంతు జంటల్లో భర్తలో, మిగిలినవారిలో ఇద్దరిలోనో, లేక ఎంత వెతికినా దొరకనిదిగానో వుంటుంది. అందుచేత పరీక్షలు ఇద్దరికీ ఒకేసారి మొదలుపెట్టాలి. మగవారి వీర్య పరీక్ష అన్నిటికంటె తేలిక, అన్నిటికంటె చవక. రెండు నుంచి ఏడు రోజులు ఎడంగా వుండి నమూనా ఇస్తే చాలు. మత్తుమందు లేదు, కోత లేదు. అంత తేలిక పరీక్షను వదిలిపెట్టి ఆడపిల్లను ముందుగా ఆపరేషను బల్ల ఎక్కించటం ఏ న్యాయం?

ఆడవారికి హార్మోనుల రక్తపరీక్షలు, థైరాయిడ్ పరీక్ష, అండాశయాల స్కాను, అండవాహికలు తెరుచుకుని వున్నాయో లేదో తెలుసుకునేందుకు రంగుమందు ఎక్కించి తీసే ఎక్స్‌రే, ఇవీ మొదటి మెట్లు. అందరికీ పెద్ద వైద్యం అక్కరలేదు. థైరాయిడ్ సరిచేస్తే, బరువు తగ్గితే, అండం విడుదలకు నాలుగు నెలలు మాత్రలు వాడితే గర్భం దాల్చినవారు బోలెడుమంది. ఆ పై మెట్టు ఐ.యు.ఐ., అంటే శుభ్రపరచిన వీర్యకణాలను సన్నని గొట్టంతో గర్భాశయంలోకి పంపటం. ఆ పై మెట్టు ఐ.వి.ఎఫ్.; మన వాడుకలో టెస్ట్ ట్యూబ్ బేబీ. పది పన్నెండు రోజులు ఇంజెక్షన్లిచ్చి, అండాలను సూదితో బయటకు తీసి, ప్రయోగశాలలో పిండంగా తయారయ్యాక గర్భాశయంలో ప్రవేశపెడతారు. మరో రెండు వారాలకు గాని ఫలితం తెలియదు.

ఈ పద్ధతిలో ప్రపంచంలో మొదటి శిశువు 1978 జూలై 25న ఇంగ్లండులో పుట్టింది. అదే ఏడు అక్టోబరు 3న కలకత్తాలో డాక్టర్ సుభాష్ ముఖర్జీగారి చేతి మీదుగా ఇంకొక పాప పుట్టిందంటే ఆనాటి పెద్దలు నమ్మలేదు సరిగదా, ఆయనను అవమానించారు. 1981లో ఆయన ప్రాణం తీసుకున్నారు. 1986 ఆగస్టు 6న బొంబాయి కె.ఇ.ఎం. ఆస్పత్రిలో డాక్టర్ ఇందిరా హిందూజాగారి చేత పుట్టిన పాపనే చాలాకాలం దేశంలో మొదటి బిడ్డ అనుకున్నాం. ముఖర్జీగారికి దక్కవలసిన పేరు ఆయన పోయిన ఎన్నో ఏళ్ళకు గాని దక్కలేదు. ఇప్పుడు మన ఊళ్ళల్లో వీధికొక సంతాన సాఫల్య కేంద్రం బోర్డు కనిపిస్తోంది. నమ్మకానికి కొదవ లేదు, వచ్చిన చిక్కల్లా ఖర్చే. పెద్ద ఊళ్ళలో ఒక్క ఐ.వి.ఎఫ్. ప్రయత్నానికి మందులతో కలిపి లక్షన్నర, రెండు లక్షలు, ఒక్కోచోట అంతకు పైన అవుతోంది. పోనీ అంతా పోసినా ఖాయమా అంటే కాదు. వయసు 35 లోపు వున్నవారిలో కూడా ప్రతి ముగ్గురిలో ఒకరికి ఒక ప్రయత్నంలో ఫలిస్తే మంచి ఫలితమే. నలభై దాటితే ఇంకా బాగా తగ్గుతుంది. రావిచెట్టుకు ప్రదక్షిణం చేస్తూనే కడుపు తడిమి చూసుకుందన్న సామెత ఈ వైద్యానికి కూడా వర్తిస్తుంది.

ఇక ఇన్సూరెన్సు మాటకు వద్దాం. "ఏటా ఇరవై వేలు కడుతున్నాం, ఆస్పత్రి ఖర్చు ఏదైనా ఇస్తారు" అని మనలో చాలామంది నమ్మకం. అది నిజం కాదు. మన దేశంలో బీమా కంపెనీల మీద అజమాయిషీ చేసే ఐ.ఆర్.డి.ఎ.ఐ. అనే సంస్థ, పాలసీల్లో ఏమేమి మినహాయించవచ్చో ఆ మాటలన్నిటికీ 2019లో ఒకే వరస, ఒకే నంబర్లు పెట్టింది. అందులో పదిహేడో నంబరు మనది. సంతానలేమి వైద్యం, కృత్రిమ గర్భధారణ, ఐ.వి.ఎఫ్., అద్దెగర్భం, కుటుంబ నియంత్రణ ఆపరేషను, దాన్ని తిరిగి విప్పే ఆపరేషను అన్నీ ఆ పదిహేడులో వున్నాయి. పద్దెనిమిదోది పురుడు. మీ ఇంట్లో పాలసీ పుస్తకం వుంటే సాయంత్రం తీసి చూడండి, "ఎక్స్‌క్లూజన్ 17" అని వుంటుంది. ప్రత్యేకంగా ఇస్తామని వేరేచోట రాసి వుంటే తప్ప ఆ ఖర్చు రాదు.

ఎందుకిలా అంటే, బీమా అన్నది అనుకోకుండా వచ్చిపడే నష్టానికి నలుగురూ కలిసి వేసుకునే చందా. వైద్యం కావాలని ముందే తెలిసినవారు మాత్రమే వచ్చి పాలసీ కొంటే ఆ చందా నిలవదని కంపెనీల వాదన. ఆ వాదనలో కొంత నిజం లేకపోలేదు. కాని సంతానలేమి కూడా ఒక జబ్బే అని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటున్నప్పుడు, దాన్ని షోకు కింద జమ కట్టటం నాకు ఈనాటికీ మింగుడుపడదు.

అయితే తలుపులన్నీ మూసి లేవు. మొదటి తలుపు భర్తగారి ఆఫీసు, లేక మీ ఆఫీసు. ఉద్యోగులందరికీ కలిపి కంపెనీ తీసుకునే గ్రూపు పాలసీలో పదిహేడో మినహాయింపును సడలించి, ఇంత మొత్తం వరకు సంతాన వైద్యానికి ఇస్తామని రాసుకున్న కంపెనీలు కొన్ని వున్నాయి. మా అల్లుడి కంపెనీలో ఏభై వేల వరకు వుంది. మూడేళ్ళుగా వుంది! ఆ సంగతి అతనికే తెలియదు. ఆఫీసువారు పంపిన కాగితం విప్పి చూసినవారెవరు? అడగందే అమ్మైనా పెట్టదంటారు. ఇక కంపెనీ మాట చెప్పాలా?

రెండో తలుపు విడిగా కొనుక్కునే పాలసీలు. పురుడు ఖర్చు ఇచ్చే కొన్ని పాలసీల్లో, రెండు మూడేళ్ళు ఆగిన తరువాత, ఒక హద్దు లోపల ఈ వైద్యానికి కూడా ఇస్తారు. కనుక చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే లాభం లేదు. పెళ్ళయిన కొత్తలోనే తీసుకోవాలి.

మూడోది, కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులు, పెన్షనర్ల సి.జి.హెచ్.ఎస్. పథకం. పిల్లలు లేనివారికి ప్రభుత్వ ఆస్పత్రి నిపుణుల సిఫారసు మీద, ముందుగా అనుమతి తీసుకుంటే, ఒక్కో ఐ.వి.ఎఫ్. ప్రయత్నానికి 65,000 రూపాయలు గాని అసలు ఖర్చు గాని ఏది తక్కువైతే అది, మూడు ప్రయత్నాల వరకు ఇచ్చేటట్టు 2011లో ఉత్తర్వు వచ్చింది. ఆ పథకం కింద వున్నవారు ఇప్పటి రేటు తమ డిస్పెన్సరీలో అడిగి తెలుసుకోవాలి. ఆయుష్మాన్ భారత్ కార్డు మీద మాత్రం ఈ వైద్యం రాదు. ప్రభుత్వ ఆస్పత్రుల మాటకొస్తే, 2023లో గోవా వైద్య కళాశాల ఆస్పత్రిలో ఐ.వి.ఎఫ్. ఉచితంగా మొదలుపెట్టారు. అదే ఏడు సికిందరాబాదు గాంధీ ఆస్పత్రిలో కూడా సంతాన సాఫల్య కేంద్రం ప్రారంభించారు. ఏయే సేవలు అందుతున్నాయో ముందు కనుక్కుని వెళ్ళటం మంచిది.

పాలసీ చేతికి వచ్చాక అడగవలసిన ప్రశ్నలు ఇవి, కాగితం వుంటే రాసుకోండి. ఒకటి, పదిహేడో మినహాయింపు మాకు వర్తిస్తుందా, సడలింపు వుందా? రెండు, ఎన్నాళ్ళు ఆగాలి, ఆ గడువు ఏ తేదీ నుంచి? మూడు, హద్దు ఎంత, అది ఒక్కో ప్రయత్నానికా, జీవితం మొత్తానికా, భర్త వైద్యం కూడా అందులోనేనా? నాలుగు, ఏయే ఖర్చులిస్తారు? అండాలు తీసే రోజు ఆస్పత్రి ఖర్చు ఇచ్చి, ఇంటిదగ్గర తీసుకునే ఇంజెక్షన్లకు, స్కానులకు ఇవ్వనివి వున్నాయి. సగం ఖర్చు మందులదే గనుక ఈ ప్రశ్న మరచిపోవద్దు. అయిదు, ముందుగా అనుమతి కావాలా, ఏ ఆస్పత్రిలో చేయించుకోవాలి? జవాబులు ఏజెంటు నోటిమాటగా కాదు, రాతపూర్వకంగా తీసుకోండి. పాలసీ సారాంశాన్ని ఒక చిన్న పత్రంగా కంపెనీ ఇచ్చి తీరాలి, కోరితే తెలుగులోనూ ఇవ్వాలి. చదివాక నచ్చకపోతే పాలసీ చేతికందిన 30 రోజుల్లో వాపసు చేయవచ్చు.

ఇంకొక ముఖ్య విషయం. సంతాన వైద్యం వేరు, గర్భసంచికి వచ్చిన జబ్బు వేరు. గర్భసంచిలో గడ్డలు, అండాశయంలో తిత్తులు, ఎండోమెట్రియోసిస్, వీటికి నొప్పి వల్లనో రక్తస్రావం వల్లనో ఆపరేషను చేస్తే, పాలసీలో రాసిన గడువు దాటాక ఆ ఖర్చు మామూలుగా వస్తుంది. పిండం గర్భసంచిలో గాక ట్యూబులో పడి ప్రాణం మీదికి వస్తే, ఆ వైద్యాన్ని కూడా పురుడు మినహాయింపులో కలపకూడదు. మా పిల్లకు లాపరోస్కోపీలో తీసింది అండాశయం మీది తిత్తి. నెలనెలా మెలికలు తిరిగే నొప్పి దానికి కాలేజీ రోజుల నుంచీ వుంది. కాని ఆస్పత్రి నుంచి పంపేటప్పుడు ఇచ్చిన కాగితంలో నొప్పి మాట లేదు, తిత్తి మాట చివరి వరసలో వుంది. మొదటి వరసలో "సంతానలేమి పరీక్ష నిమిత్తం" అని మాత్రం వుంది. కంపెనీవారు మొదటి వరస చదివి ఫైలు మూశారు. ఆ కుర్చీలో నేనున్నా అదే చేసేదాన్నేమో!

అబద్ధం రాయించమని నేను చెప్పను. అది నేరం, పైగా బయటపడితే పాలసీయే పోతుంది. నిజాన్ని పూర్తిగా రాయమని డాక్టరును అడగటం మన హక్కు. పిల్ల పాత చీటీలన్నీ వెతికింది. నొప్పికి మందు రాసిన చీటీలు మూడు దొరికాయి. డాక్టరుగారి చేత వివరణ రాయించి, కంపెనీ ఫిర్యాదుల అధికారికి పంపాం. తిత్తి తీసినంత వరకు లెక్కగట్టి నలభై మూడు వేలు ఇచ్చారు. గొలుసు ఇంటికి వచ్చింది. ఒకవేళ వారు కాదన్నా, నెల రోజుల్లో జవాబివ్వకపోయినా, బీమా అంబుడ్స్‌మన్ అనే అధికారికి ఏడాది లోపల రాసుకోవచ్చు. మన రెండు రాష్ట్రాలకూ ఆయన ఆఫీసు హైదరాబాదులో వుంది. ఫీజు లేదు, వకీలు అక్కరలేదు.

పాలసీ కొనేటప్పుడు ఇదివరకు వాడిన మందులు దాచవద్దు. ముందున్న జబ్బులకు ఆగవలసిన గడువు 2024 ఏప్రిల్ నుంచి మూడేళ్ళకు మించకూడదని నియమం పెట్టారు. చెప్పి మూడేళ్ళు ఆగటం నయమా, దాచి అసలుకే మోసం తెచ్చుకోవటం నయమా? అలాగే పురుడుకు, పుట్టిన బిడ్డకు ఏమిస్తారో కూడా ఇప్పుడే చూడండి. ఈ వైద్యంలో కవలలు కలగటం, నెలలు నిండకుండా కాన్పు కావటం ఎక్కువ. బిడ్డను రెండు వారాలు అద్దాల పెట్టెలో వుంచితే ఆ బిల్లు మొదటి బిల్లును మించిపోతుంది. బిడ్డకు మొదటి రోజు నుంచీ రక్షణ వుందా, తొంభై రోజుల తరువాతనా అన్నది అడగండి.

ఆస్పత్రిని ఎంచుకోవటంలో కూడా జాగ్రత్త అవసరం. 2021లో చేసిన చట్టం 2022 జనవరి 25 నుంచి అమలులో వుంది. ఈ వైద్యం చేసే ప్రతి క్లినిక్కూ రిజిస్టరు కావాలి. ఆ సర్టిఫికెట్టు చూపించమని అడగండి. ఖర్చెంత, ఫలించే అవకాశమెంత, ప్రమాదాలేమిటి, అన్నీ విడమరచి చెప్పి గాని సంతకం తీసుకోకూడదు. స్త్రీకి 21 నుంచి 50, పురుషుడికి 21 నుంచి 55 ఏళ్ళ వయోపరిమితి వుంది. "నూటికి నూరుపాళ్ళు గ్యారంటీ, అబ్బాయే పుడతాడు" అన్నవారి గడప తొక్కవద్దు. మొదటి మాట అబద్ధం, రెండోది నేరం.

చివరగా ఒక మాట. ఎన్ని ప్రయత్నాలు, ఎంత డబ్బు అన్నది వైద్యం మొదలుపెట్టకముందే ఆలుమగలిద్దరూ కూర్చుని ఒక కాగితం మీద రాసుకోండి. ఆశ కళ్ళు కప్పుతుంది. ఇంకొక్కసారి, ఇంకొక్కసారి అంటూ ఇల్లు తాకట్టు పెట్టినవారిని నేనెరుగుదును. మా పిల్ల, అల్లుడు మూడు ప్రయత్నాలని రాసుకున్నారు. అల్లుడి పరీక్షలో వీర్యకణాలు బాగా తక్కువని తేలింది. మొదటిసారి ఆఫీసు పాలసీ ఏభై వేలు ఆదుకుంది. రెండు ప్రయత్నాలు ఫలించలేదు. మూడోది వచ్చే మాఘమాసం తరువాత. అదీ కాకపోతే కేంద్ర దత్తత సంస్థ కారాలో పేరు నమోదు చేసుకుంటామని ఇద్దరూ ఒకే మాటగా చెప్పారు.

మొన్న వాళ్ళింట్లో పేరంటానికి వెళ్ళాను. ఎవరో అలవాటుగా, "ఏమ్మా, ఇంకా విశేషమేమీ లేదా?" అన్నారు. పిల్ల తలెత్తేలోగా వాళ్ళత్తగారే తాంబూలం అందిస్తూ, "మావాడికీ దానికీ ఇద్దరికీ వైద్యం జరుగుతోందమ్మా. వుంటే మేమే చెబుతాం" అన్నారు. ఆవిడ అలా "ఇద్దరికీ" అన్న ఆ ఒక్క మాటకు ఆ పిల్ల ముఖంలోకి వచ్చిన వెలుగు నేను చూశాను.

సాయంత్రం పాలసీ పుస్తకం తీస్తారు కదూ? సెలవు.